వెనక వరస

ఉదయం ఆరూ పదికి ఆళ్లగడ్డ బస్సు నంద్యాల బస్టాండులోకి వచ్చి ఆగింది. కిటికీ పక్క సీట్లో మా బావ కూర్చుని కళ్లద్దాల కాడలకు తాడు కట్టుకుంటున్నాడు. పక్క సీట్లో నా కోసం తువ్వాలు వేసి పెట్టాడు. ఎవరో ఆ తువ్వాలు తీయబోతే, "మా బామ్మర్ది ఈడ ఎక్కుతాడప్పా. ఎనక్కి పో, శానా సీట్లుండాయి" అంటున్నాడు. నిజంగానే చాలా సీట్లున్నాయి. ఆ రోజు అమావాస్య.

అలాంటి ఉదయాలు మాకు చాలా ఉన్నాయి. ఈ ఒక్కదాని వేళ గుర్తుండటానికి కారణం, గుండెకు స్టెంటు వేయించుకున్నాక బావ బయలుదేరిన మొదటి ప్రయాణం అది. వస్తాడో రాడో తెలియక నేను బస్టాండు గడియారం చూస్తూ నిలబడి ఉన్నాను.

బావ అంటే మా అక్క భర్త. ఆళ్లగడ్డలో మోటార్లు, పైపులు అమ్మే షాపు ఆయనది. నంద్యాలలో పుస్తకాల షాపు నాది. అమావాస్యకు షాపు తీయకపోవడం మా రెండిళ్లలోనూ పెద్దవాళ్ల నాటి అలవాటు. అమావాస్యకు ప్రయాణం చేయకపోవడం కూడా అంతే పాత అలవాటు. బావ మొదటిదాన్ని పాటించి రెండోదాన్ని వదిలేశాడు.

"షాపు మూసేది ఆ పొద్దే. జనం ఊరు కదలనిదీ ఆ పొద్దే. ఇంతకంటే మంచి దినం పంచాంగంలో యాడుందిరా?" అనేవాడు.

అమావాస్య ఆదివారం పడితే మాత్రం ఇంట్లో కూర్చునేవాడు. ఆదివారం పార్కులో జనం ఎక్కువ.

మేం వెళ్లేది హైదరాబాదు శివార్లలోని ఒక అమ్యూజ్‌మెంట్ పార్కుకు. అక్కడ రోలర్ కోస్టర్ ఎక్కి, మళ్లీ ఎక్కి, సాయంత్రం తిరిగి బస్సెక్కేవాళ్లం. బంధువులను చూసేది లేదు, సరుకు కొనేది లేదు. ఆళ్లగడ్డలో కొందరు బావకు హైదరాబాదులో కోర్టు వ్యవహారం ఏదో ఉందని కొన్నేళ్లపాటు నమ్మారు. అసలు సంగతి తెలిశాక వాళ్లకు ఆయన మీద గౌరవం కొంత తగ్గింది.

ఒకసారి దొర్నిపాడు నుంచి మోటారు కోసం వచ్చిన రైతు షాపులో నా ఎదుటే అడిగాడు.

"ఏం శెట్టీ, గిరగిరా తిరిగేదానికి అంత దూరం పోతాండావంటనే?"

"పోతాండా."

"మా చేనికాడికి రా. ట్రాక్టరు ఎక్కించుకోని గట్ల మీద తిప్పుతా. నడుములు ఇరుగుతాయి, ఊరికేనే."

"నీ ట్రాక్టరుకు ఎనక వరస యాడుందప్పా?" అన్నాడు బావ.

ఆ రైతుకు అర్థం కాలేదు. బావకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి అదే కాబట్టి దాన్ని ఇక్కడ చెప్పాలి.

రోలర్ కోస్టర్ బండిని ముందుగా ఒక గొలుసు ఎత్తు మీదికి లాగుతుంది. ముందు పెట్టె కొన దాటి దిగడం మొదలుపెట్టినప్పుడు వెనక పెట్టెలు ఇంకా ఎక్కుతూనే ఉంటాయి. ఆ బరువు వెనక్కి లాగుతుంది కాబట్టి ముందున్నవాళ్లు మెల్లగా దిగుతారు. వెనక పెట్టె కొనకు చేరేసరికి బండిలో సగానికి పైగా కిందికి పోతూ ఉంటుంది. వెనక వరసలోవాళ్లు కొనను వేగంతో దాటుతారు. అప్పుడు శరీరం సీటును వదిలి లేస్తుంది. తొడల మీద వేసిన ఇనుప బారు ఆపుతుంది. ఆ కొద్దిసేపు మనిషి దేని మీదా కూర్చుని ఉండడు. బావ దీన్ని 'తేలిక' అనేవాడు. ఆయన అంత దూరం వెళ్లేది దాని కోసమే. మలుపులూ, తలకిందులుగా తిప్పడాలూ ఆయనకు పట్టేవి కావు.

ఇది నంద్యాల ఎగ్జిబిషన్‌లో మొదలైంది. అక్కకు పెళ్లయిన కొత్తలో, వేసవిలో, బావ మా ఇంటికి వచ్చినప్పుడు నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. కొలంబస్ అని పేరు పెట్టిన ఊగే పడవ ఎక్కాం. పడవ ఒక కొస దాకా వెళ్లి వెనక్కి తిరిగే చోట బావ శరీరం సీటును వదిలి లేచింది. అందరూ అరుస్తున్నారు. ఆయన అరవలేదు. దిగాం. మిరపకాయ బజ్జీల దగ్గర నిలబడి, "పోదాం పా, ఇంగొకసారి. ఈసారి కొసన కూర్చుందాం" అన్నాడు. ఆ వారమంతా మేం ఇంకేమీ చేయలేదు. కొత్త అల్లుడు ఎక్కడికి పోయాడని మా నాన్న అడిగితే, ఎగ్జిబిషన్‌కు అని చెప్పడానికి అక్క సిగ్గుపడింది.

దీన్ని ఇష్టపడేవాళ్లు ధైర్యవంతులని జనం అనుకుంటారు. బావ ధైర్యవంతుడు కాదు. కుక్క మొరిగితే వీధి మారేవాడు. ఆయన స్కూటరును సైకిళ్లు దాటిపోయేవి. చిన్నపిల్లల మనసు అని ఇంకొందరు అంటారు. అదీ కాదు. బేరంలో ఆయన ముందు ఎవరూ నిలబడలేకపోయేవారు. నేను పుస్తకాల మనిషిని కనుక కారణాలు చదివి చెప్పేవాణ్ణి. భయాన్ని అదుపులో పెట్టుకున్నామన్న సంతోషమని ఒకచోట ఉంది, మనిషి తనను తాను మరిచిపోవడానికని ఇంకోచోట ఉంది. బావ చివరిదాకా విని, "రాసినోళ్లు ఎక్కినారా?" అని అడిగేవాడు. అది పుస్తకాల్లో ఉండేది కాదు.

నిజానికి నాకు ఆ బండ్లంటే పెద్ద ఇష్టం లేదు. బావతో బస్సులో కూర్చోవడం ఇష్టం. బండి మీద నేను ఆయన పక్కన కూర్చునేవాణ్ణి, అంతే.

ఎక్కే ముందు ఆయనకు ఒక పద్ధతి ఉండేది. ప్రతి రైడు దగ్గరా ఎవరెవరు ఎక్కకూడదో చెప్పే బోర్డు ఉంటుంది. అందరూ దాని ముందు నుంచి నడిచి వెళ్లిపోతారు. బావ ఆగి, పైనుంచి కిందిదాకా పైకి చదివేవాడు. ఒక్కో మాటకూ నేను జవాబు చెప్పాలి.

"నడుము నొప్పి?"

"లేదు బావా."

"రక్తపోటు?"

"లేదు."

"గర్భిణులు?"

"కాదు."

ఒకసారి వెనక నిలబడ్డ కాలేజీ పిల్లల్లో ఒకడు, "అంకుల్, పరీక్షకు చదువుతున్నరా?" అన్నాడు. బావ తిరిగి చూసి, "ఔను నాయనా, రోజూ పాసవుతాండా" అన్నాడు.

స్టెంటు వేయించుకున్నాక డాక్టరు నడవమన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు, షాపులో కూర్చోవచ్చన్నాడు. రోలర్ కోస్టర్ గురించి ఏమీ అనలేదు. ఆళ్లగడ్డలో పైపులు అమ్మే మనిషిని చూసి ఏ డాక్టరుకూ ఆ మాట తోచదు. అడిగి తెలుసుకోమని అక్క పోరుపెట్టింది. బావ అడగలేదు. దాచాలని కాదని నాకు ఆ అమావాస్య రోజు తెలిసింది.

బోర్డు ముందు నిలబడి ఎప్పటిలాగే చదివాడు. నడుము నొప్పి లేదన్నాను. రక్తపోటు దగ్గర, "మాత్రతో సరిగ్గా ఉండాది" అని ఆయనే జవాబు చెప్పుకున్నాడు. తర్వాతి మాట, "గుండె జబ్బు?" అని చదివాడు.

ఆయన నా ముఖం చూడలేదు. బోర్డునే చూశాడు.

"ఉండాది" అన్నాడు.

కళ్లద్దాలు తీసి, తెల్లవారి బస్సులో కట్టుకున్న తాడు ముడి విప్పాడు. నా కళ్లద్దాలు అడిగి తీసుకుని వాటికి కట్టాడు. "చెప్పులియ్యి. నువ్వు పో. ఎనక వరసలో కూర్చో" అన్నాడు.

"నేనూ ఎక్కను లే బావా. ఇంటికి పోదాం."

"ఇద్దురూ ఎక్కకపోతే ఎందుకొచ్చినట్టురా? పో."

ఆ రోజు మొదటిసారి ఒంటరిగా ఎక్కాను. దిగి వచ్చేసరికి బావ రెండు చేతుల్లో నా చెప్పులు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఎట్లుండె?"

"ఆకాశంలోకి ఇసిరేసినట్టు ఉండె బావా."

"నిన్ను ఎప్పుడన్నా ఎవరన్నా ఆకాశంలోకి ఇసిరేసినారా?"

"లేదు."

"మరి అట్లుండెనని నీకెట్ల తెలుసు? అయిందేందో అది చెప్పు."

నేను మళ్లీ మొదలుపెట్టాను. గొలుసు ఆగిన చప్పుడు వినిపించింది. ముందువాళ్ల తలలు కనబడకుండా పోయాయి. సీటు కింద ఖాళీ వచ్చింది. తొడలు బారుకు ఆనాయి. బావ కళ్లు మూసుకుని విన్నాడు. "కాళ్లు?" అని అడిగాడు. కాళ్ల సంగతి నేను గమనించలేదు. "పో, సూసి రా" అన్నాడు. మళ్లీ ఎక్కి, కాళ్లు నేలను వదిలాయని వచ్చి చెప్పాను. అప్పుడు తలూపాడు.

ఆ తర్వాత మా ప్రయాణాలన్నీ అలాగే జరిగాయి. ఆయన బోర్డు చదివి, గుండె జబ్బు అన్న మాట దగ్గర ఆగి, తాడు విప్పి నా అద్దాలకు కట్టేవాడు. ఎక్కనని తెలిసినా ప్రతిసారీ బస్సులో తన అద్దాలకే కట్టుకునేవాడు. ఎందుకని నేను అడగలేదు. ఆయన కింద ఉంటాడు కనుక నేను పైన కళ్లు తెరిచి ఉండటం నేర్చుకున్నాను. అంతకుముందు అన్నేళ్లూ కళ్లు మూసుకునే కూర్చున్నానని అప్పుడు తెలిసింది.

రెండేళ్లకు గుండె ఇంకా బలహీనపడింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. బస్సు ప్రయాణం మానిపించారు. షాపు అక్క చూసుకోవడం మొదలుపెట్టింది. బావ షాపు వెనక గదిలో మంచం వేయించుకుని, అక్క చెప్పే ధరలు వింటూ, తప్పనిపిస్తే లోపలి నుంచి దగ్గేవాడు.

అప్పుడే పార్కులో కొత్త రోలర్ కోస్టర్ వచ్చింది. పాతదానికంటే పెద్దది. ఎవరో తీసిన వీడియో బావ ఫోనులో చూశాడు, చాలాసార్లు చూశాడు. మొదటి ఎత్తు తర్వాత కొంచెం పొట్టిగా, వెడల్పుగా ఇంకో ఎత్తు ఉంది. ఫోను నా చేతికిచ్చి వేలితో ఆ చోటు చూపించాడు.

"ఈడ సూడు. ఇది ఎడల్పుగా ఉండాది. ఎనక వరసలో తేలిక వస్తే మామూలుగా రాదు, శానాసేపు ఉంటాది. వస్తాదా రాదా?"

"వీడియోలో తెలీదు కద బావా."

"అందుకే పొమ్మంటాండా."

వాకిట్లో నిలబడ్డ అక్క విన్నది. "మనిషి ఇట్లుంటే అమావాస్య పూట పొమ్మంటావా వాన్ని? మూడోనాడు పోతే ఆ బండి యాడికన్నా లేచిపోతాదా?"

"మూడోనాడు వాని షాపు ఎవరు తెరుస్తారు? నువ్వు తెరుస్తావా నంద్యాలకు పోయి?" అన్నాడు బావ. అక్క విసురుగా లోపలికి వెళ్లిపోయింది. అయితే ఆ అమావాస్య ముందురోజు నాకు ఫోను చేసి, టిఫిను కట్టుకుని పొమ్మని చెప్పింది.

వెళ్లాను. వాన పడేలా ఉంది. పార్కులో జనం చాలా తక్కువ. బండి నిండదు కనుక ముందు పెట్టెల్లోనే ఎక్కిస్తున్నారు. వెనక వరసలకు అడ్డంగా తాడు కట్టి ఉంది. అడిగాను. మనుషులు తక్కువైతే వెనక ఎవరినీ ఎక్కించరని చెప్పారు. ముందు నుంచి మూడో వరసలో కూర్చోబెట్టారు. ఒక్కసారి తిరిగామో లేదో వాన మొదలైంది. రైడు ఆపేశారు.

మర్నాడు ఆళ్లగడ్డ వెళ్లి మంచం పక్కన కూర్చుని చెప్పాను. గొలుసు చప్పుడు పాతదానికంటే తక్కువ. ఎక్కేటప్పుడు ఎడమ పక్క రింగు రోడ్డు కనబడుతుంది. మొదటి దిగుడు నిటారు. బావ కళ్లు మూసుకుని వింటూ వింటూ రెండో ఎత్తు దగ్గర కళ్లు తెరిచాడు.

"యాడ కూర్చున్నావ్?"

ఆ క్షణంలో వెనక అని చెప్పవచ్చు. వస్తుందని చెప్పవచ్చు. ఆయన దాన్ని పరీక్షించడానికి వెళ్లే వీలు లేదు. కానీ తర్వాత కాళ్ల సంగతి అడుగుతాడు, నడుము సంగతి అడుగుతాడు. వాటికి నా దగ్గర జవాబు లేదు. కల్పించిన జవాబును ఆయన పట్టుకోకపోవడం అప్పటికి ఒక్కసారి కూడా జరగలేదు.

"మూడో వరసలో బావా. ఎనక తాడు కట్టినారు."

"అట్లయితే ఇంకా తెలీదు" అన్నాడు. కోపం లేదు. కాసేపు పైకప్పు వైపు చూశాడు. "వచ్చే అమావాస్యకు పో. బేగా పోయి ముందే చెప్పిపెట్టు, ఎనకనే కావాలని."

వచ్చే అమావాస్య రాకముందే పోయాడు. మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్నాడు. కోయిలకుంట్ల రైతుకు అక్క పైపు ధర తక్కువ చెప్పింది. లోపలి నుంచి దగ్గు వినబడలేదు. అక్క లోపలికి వెళ్లి చూసింది.

పెద్దకర్మ రోజు బంధువుల్లో ఒక పెద్దాయన, అందరూ వినేలా, "అమావాస్య ప్రయాణాలు మంచివి కావని నేను ఎన్నితూర్లు చెప్పినా? ఇన్నారా?" అన్నాడు. నేను తల వంచుకున్నాను. విస్తళ్లు సర్దుతున్న అక్క తల ఎత్తకుండానే, "ఆయప్ప పోయింది దశమినాడు పెదనాయనా. దశమికి ఎవరూ ప్రయాణం మానుకోరు గదా" అంది.

ఆ ఏడాదంతా నేను ఎక్కడికీ వెళ్లలేదు. అమావాస్యలు వచ్చాయి, పోయాయి. షాపు మూసి ఇంట్లో చదువుకునేవాణ్ణి. దుఃఖం గురించి రాసినవి చాలా చదివాను. వాటిలో సముద్రాలూ చీకట్లూ చాలా ఉన్నాయి. చదువుతుంటే, "అయిందేందో అది చెప్పు" అన్న బావ మాటే గుర్తొచ్చేది. నా విషయంలో జరిగింది ఇది: అమావాస్య ఉదయం ఆరు గంటలకు మెలకువ వచ్చేది. వెళ్లాల్సిన చోటు ఉండేది కాదు. ఇంకా తెలియని సంగతి ఒకటి మిగిలి ఉండేది.

సంవత్సరికం అయ్యాక వచ్చిన అమావాస్యకు వెళ్లాను. ముందురోజు అక్కకు ఫోను చేసి చెప్పాను. "పో" అంది. ఆళ్లగడ్డ బస్సు వచ్చింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని కళ్లద్దాలకు తాడు కట్టుకున్నాను. బావ తాడే. అక్క అడగకుండానే నాకు ఇచ్చింది.

బోర్డు ముందు నిలబడి పైకి చదివాను. జవాబులు కూడా నేనే చెప్పుకున్నాను. చెప్పులు ఒక డబ్బాలో పెట్టించారు. ఎక్కించే అబ్బాయి, "ముంగట కూసోండి సార్, ముంగటైతే మస్తు కనిపిస్తది" అన్నాడు.

"నాకు వెనక కావాలి."

"ఎనకకు మంది ఉన్నరు సార్. ఇంకో బండికి ఆగాలె."

"ఆగుతాను."

ఆ బండి వెళ్లింది. తర్వాతి దానిలో నన్ను చివరి వరసలో కూర్చోబెట్టాడు. పక్క సీటు ఖాళీ. బారు వేసి లాగి చూసి, "ఒక్కరేనా సార్?" అన్నాడు. ఒక్కడినే అన్నాను. కళ్లు తెరిచే ఉంచాను.

మర్నాడు షాపు తెరిచే ముందే ఆళ్లగడ్డ వెళ్లాను. అక్క లోపలి గదిలో కాఫీ ఇచ్చింది. మంచం ఇంకా అక్కడే ఉంది. దాని మీద ఇప్పుడు మోటారు పెట్టెలు పేర్చి ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. ఆవిడే అడిగింది.

"యాడ కూర్చున్నావ్?"

ఇన్నేళ్లూ నేను బావకు చెబుతున్నప్పుడు అక్క వాకిట్లోనో వంటింట్లోనో ఉండేది. ఏదీ పట్టించుకున్నట్టు కనబడేది కాదు.

"ఎనక వరసలో అక్కా."

"ఆ రెండోదాని కాడ?"

"వచ్చింది. మొదటిదాని కంటే మెల్లగా లేపింది. లేచినాక దిగేదాకా సీటు తగలలేదు. తొడలు బారుకు ఆని ఉండె."

"కాళ్లు?"

"కాళ్లు కూడా లేచినాయి."

"ఎంతసేపు?"

ఆలోచించి చెప్పాను. "నువ్వు కాఫీ ఒక గుక్క తాగేంతసేపు."

అక్క చేతిలోని గ్లాసు చూసుకుంది. ఒక గుక్క తాగింది. మింగి, నా వైపు చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికా మీరిద్దరూ అన్ని అమావాస్యలు తిరిగింది?"

"దీనికే."

బయట ఎవరో వచ్చి, "అమ్మా, పైపులుండాయా?" అని కేకేశారు. అక్క లేచి గ్లాసు కింద పెట్టింది. "మీ బావ అనుకున్నట్టే ఉండాది. అది చాలు లే" అని షట్టరు ఎత్తడానికి వెళ్లింది.

తాడు అక్కడే మోటారు పెట్టెల మీద పెట్టి వచ్చాను. పార్కులో ఆ తర్వాత ఇంకా కొత్తవి వచ్చాయని విన్నాను. అమావాస్యకు ఆళ్లగడ్డలో అక్క షాపు, నంద్యాలలో నా షాపు ఎప్పటిలాగే మూసి ఉంటాయి. ఇప్పుడు మేం ఆ రోజు ఎక్కడికీ వెళ్లడం లేదు.